గుండె జేబులో గీత, చేతికి పిండికట్టు
తొలి పరమవీరుడు మేజర్ సోమనాథ్ శర్మ జీవితం

సైనికుడు యుద్ధంలో చనిపోతే ఇంటికి చేరేవి రెండు. ఒకటి ప్రభుత్వం ఇచ్చే పతకం. రెండోది అతను బతికుండగా రాసిన ఉత్తరాల కట్ట. పతకాన్ని ఊరంతా వచ్చి చూస్తుంది. ఉత్తరాలను మాత్రం తల్లి ఒక్కతే, ఎవరూ లేనప్పుడు, పెట్టె తీసి చూసుకుంటుంది. స్వతంత్ర భారతదేశంలో పరమవీర చక్ర పతకం మొట్టమొదట ఎవరికి దక్కిందో ఆ మేజర్ సోమనాథ్ శర్మ కథలో ఈ రెండూ ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ల వయసులో ప్రాణం విడిచిన ఆ యువకుని గురించి మన జిల్లా వాసులు తెలుసుకోవలసింది ఎంతో ఉంది. ఆయన మొదట చేరిన రెజిమెంటు పేరు హైదరాబాద్ రెజిమెంటు అన్న సంగతి కూడా అందులో ఒకటి.

సైనిక కుటుంబం

సోమనాథ్ శర్మ 1923 జనవరి 31న పుట్టారు. వారి స్వగ్రామం హిమాలయాల ఒడిలో కాంగ్రా ప్రాంతంలోని దాఢ్. నేడు అది హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. తండ్రి అమర్‌నాథ్ శర్మ సైన్యంలో డాక్టరు. మేజర్ జనరల్ హోదాకు ఎదిగిన వ్యక్తి. తండ్రి ఉద్యోగరీత్యా ఊరూరా తిరిగే కుటుంబం కావడంతో పిల్లల చదువులు పలుచోట్ల సాగాయి. సోమనాథ్ కొంతకాలం నైనిటాల్‌లోని షేర్‌వుడ్ కళాశాలలోను, తరువాత డెహ్రాడూన్‌లోని సైనిక పాఠశాలలోను చదువుకున్నారు.

చిన్నతనంలో తాతగారు చెప్పిన భగవద్గీత ఆయన మనసులో నాటుకుపోయింది. మన ఇళ్లలో తాతలు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని రామాయణ, భారత కథలు చెప్పినట్టే అక్కడా జరిగింది. అయితే చాలామందికి ఆ మాటలు పెద్దయ్యాక మరుగున పడతాయి. సోమనాథ్ విషయంలో అలా కాలేదు. ఆ పుస్తకం చివరి రోజు దాకా ఆయన జేబులోనే ఉంది.

ఆ కుటుంబంలో ఆయన ఒక్కరే సైనికుడు కాదు. తమ్ముడు సురేంద్రనాథ్ శర్మ సైన్యంలో ఇంజనీరుగా చేరి లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. మరో తమ్ముడు విశ్వనాథ్ శర్మ 1988 నుంచి 1990 వరకు భారత సైన్యాధిపతిగా పనిచేశారు. సోదరి ఒకరు సైన్యంలోనే డాక్టరుగా సేవ చేశారు. మేనమామ కెప్టెన్ కృష్ణదత్ వాసుదేవ రెండో ప్రపంచ యుద్ధంలో 1942 జనవరిలో మలయాలోని స్లిమ్ నది దగ్గర జపాన్ సేనలతో పోరాడుతూ చనిపోయారు. ఆయనది కూడా హైదరాబాద్ రెజిమెంటే. మేనమామ అంటే మేనల్లునికి ఎంత గురి ఉంటుందో మన వాళ్లకు చెప్పనక్కరలేదు. సోమనాథ్ ఆ రెజిమెంటునే కోరుకోవడానికి ఆ అభిమానమూ తోడైంది.

నిజాం కాలపు పలుకుబడి

ఈ హైదరాబాద్ రెజిమెంటు కథ కొంచెం చెప్పుకోవాలి. నిజాం ప్రభువుల సొమ్ముతో పోషించిన పటాలాలు దీనికి మూలం. 1813లో హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న హెన్రీ రసెల్ ఒక దళాన్ని తయారు చేశారు. దానిని రసెల్ బ్రిగేడ్ అనేవారు. ఆ తరువాత అదీ, బేరారు ప్రాంతంలోని మరికొన్ని పటాలాలూ కలిసి హైదరాబాద్ కంటింజెంటు అయ్యాయి. సికింద్రాబాదు దగ్గరి బొలారంలో ఆ పటాలాల దండు విడిది ఉండేది. 1903లో వాటిని భారత సైన్యంలో కలిపారు. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు అని పేరు పెట్టారు. క్రమంగా అందులో చేరేవారు ఉత్తరాది కుమావూ కొండల నుంచి, ఇతర ప్రాంతాల నుంచి రావడంతో 1945 అక్టోబర్ 27న దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారింది. పేరు మారినా పుట్టింది మాత్రం దక్కను గడ్డ మీదే.

ఈ రెజిమెంటులోని ఎనిమిదో బెటాలియన్‌లో 1942 ఫిబ్రవరి 22న సోమనాథ్ శర్మ అధికారిగా చేరారు. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిదేళ్లు.

అమ్మా నాన్నలకు ఉత్తరం

అధికారిగా చేరడానికి కొద్ది వారాల ముందు, 1941 డిసెంబరులో ఆయన తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం ఒకటి నిలిచి ఉంది. ఆ నెలలోనే జపాన్ యుద్ధంలోకి దిగింది. యుద్ధం మన దేశపు తూర్పు గుమ్మం దాకా వచ్చేస్తున్న రోజులవి. కొడుకు పటాలంలో చేరబోతున్నాడంటే ఏ తల్లి గుండె నిబ్బరంగా ఉంటుంది?

ఆ ఉత్తరంలో ఆయన తన ముందున్న విధిని తాను ఎదుర్కొంటున్నానని రాశారు. చావు భయం ఒక్క క్షణం కలుగుతుందని దాచకుండా ఒప్పుకున్నారు. అయితే కురుక్షేత్రంలో కృష్ణుడు అర్జునునికి చెప్పిన మాటలు తలచుకోగానే ఆ భయం కరిగిపోతుందని చెప్పారు. ఆత్మకు చావు లేనప్పుడు శరీరం ఉంటే ఏమి, పోతే ఏమి అని తండ్రిని అడిగారు. తాను వారిని భయపెట్టడానికి ఇలా రాయడం లేదని, ఒకవేళ చనిపోతే ధైర్యవంతుడైన సైనికునిగానే చనిపోతానని మాట ఇచ్చారు. ప్రాణం పోయేటప్పుడు తనకు విచారం ఉండదని, అందరినీ దేవుడు చల్లగా చూడాలని ముగించారు.

పంతొమ్మిదేళ్లు నిండని కుర్రవాడు ఇలా రాశాడంటే కొందరికి అతిశయంగా తోచవచ్చు. ఆ వయసులో పెద్ద మాటలు రాయడం తేలికే. ఈ ఉత్తరం విలువ రాసిన నాడు తెలియలేదు. ఆరేళ్ల తరువాత, రాసినవాడు తన మాటను అక్షరాలా నిలబెట్టుకున్నాక తెలిసింది.

బర్మా అడవుల్లో

సోమనాథ్ శర్మ చేరిన ఎనిమిదో బెటాలియన్ బర్మాలోని అరకాన్ ప్రాంతంలో జపాన్ సేనలతో పోరాడింది. ఆ బెటాలియన్‌కు నాయకుడు కర్నల్ తిమ్మయ్య. తరువాతి రోజుల్లో భారత సైన్యాధిపతి అయిన జనరల్ తిమ్మయ్య ఆయనే. 1945 మొదట్లో కంగావ్ దగ్గర జరిగిన భీకర యుద్ధంలో ఈ బెటాలియన్ పాల్గొంది. అక్కడ పోరాడిన 51వ బ్రిగేడ్‌లోని మూడు బెటాలియన్‌లకూ భారతీయులే నాయకులు. తెల్లదొరల సైన్యంలో అది ఆ రోజుల్లో గొప్ప విశేషం. తిమ్మయ్య ఒకరైతే, మరో బెటాలియన్ నాయకుడు ఎల్.పి. సేన్. ఈ సేన్ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. బడ్గాం కథలో మళ్లీ వస్తుంది.

బర్మాలో ఉండగా జరిగిన ఒక సంగతి సైన్యంలో కథగా చెప్పుకుంటారు. ఆయనకు సహాయకునిగా ఉండే బహదూర్ అనే జవాను గాయపడి నడవలేని స్థితిలో పడిపోయాడు. చుట్టూ తూటాలు కురుస్తున్నాయి. సోమనాథ్ అతన్ని భుజాన వేసుకుని నడిచారు. భారంతో ఆయన వెనుకబడిపోతుంటే తిమ్మయ్య చూసి, ఆ మనిషిని దించి త్వరగా రమ్మని ఆజ్ఞాపించారట. ఇతను నా మనిషి, వదిలి రాలేనని బదులు చెప్పి సోమనాథ్ అతన్ని మోసుకుంటూనే వచ్చారట. బహదూర్ ప్రాణం దక్కింది.

బర్మా యుద్ధంలో చూపిన ధైర్యానికి సోమనాథ్ శర్మ పేరును సైనిక నివేదికల్లో ప్రత్యేకంగా పేర్కొన్నారు. అలాంటి గౌరవం పొందినవారు పతకపు రిబ్బను మీద కంచుతో చేసిన ఓక్ ఆకు గుర్తు ధరిస్తారు. చూడటానికి అది వేలిగోరంత ఉంటుంది. దాని వెనుక ఎంత కష్టం ఉందో ధరించినవారికే ఎరుక.

కాశ్మీరుకు పిలుపు

1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. రెండు నెలలు దాటగానే కాశ్మీరు మీద దాడి మొదలైంది. అక్టోబర్ 22న పాకిస్తాన్ వైపు నుంచి వేలాది గిరిజన తెగలవారు ఆయుధాలతో ముజఫరాబాదు మీదుగా చొరబడ్డారు. దారిలోని ఊళ్లను దోచుకుంటూ, తగలబెడుతూ శ్రీనగర్ వైపు వచ్చారు. అక్టోబర్ 26న మహారాజా హరిసింగ్ కాశ్మీరును భారతదేశంలో కలుపుతూ సంతకం చేశారు. మర్నాడు తెల్లవారగానే భారత సైనికులతో డకోటా విమానాలు శ్రీనగర్‌లో దిగాయి. మొదట దిగిన సిక్కు బెటాలియన్ నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ దివాన్ రంజిత్ రాయ్ తొలి పోరాటాల్లోనే ప్రాణాలర్పించారు.

ఆనాటి పరిస్థితి పాఠకులకు అర్థం కావాలంటే ఒక్క మాట చెప్పాలి. శ్రీనగర్‌కు రైలు లేదు. జమ్ము నుంచి వెళ్లే కొండదారి ఇరుకు, దూరం, చలికాలంలో మంచు కప్పేస్తుంది. కనుక సైనికులు, తూటాలు, తిండి, మందులు అన్నీ విమానాల్లోనే రావాలి. విమానాలు దిగేందుకు అక్కడ ఉన్నది ఒక్కటే మైదానం. ఆ మైదానం శత్రువుల చేతికి చిక్కితే ఇక శ్రీనగర్ దక్కదు. శ్రీనగర్ పోతే కాశ్మీరు లోయ పోయినట్టే. ఒక్క మైదానం మీద అంతా ఆధారపడి ఉంది.

ఆ సమయంలో సోమనాథ్ శర్మ నాలుగో కుమావూ బెటాలియన్‌లో డి కంపెనీకి నాయకుడు. మేనమామ పనిచేసిన హైదరాబాద్ రెజిమెంటు సంప్రదాయమే పేరు మారి ఆయన చేతికి వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు హాకీ ఆడుతూ పడటంతో ఆయన ఎడమ చెయ్యి విరిగింది. చేతికి పిండికట్టు వేశారు. ఆ స్థితిలో యుద్ధానికి వెళ్లనక్కరలేదు. విశ్రాంతి తీసుకుంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. కాని తన కంపెనీ కాశ్మీరు వెళ్తుంటే తాను ఆసుపత్రి మంచం మీద ఉండటం ఆయనకు సమ్మతం కాలేదు. పట్టుబట్టి అనుమతి సంపాదించి, 1947 అక్టోబర్ 31న కంపెనీతో పాటు విమానంలో శ్రీనగర్ చేరారు.

బడ్గాంలో నవంబర్ 3

శ్రీనగర్‌లో సైన్యాన్ని నడుపుతున్నది బ్రిగేడియర్ ఎల్.పి. సేన్. కంగావ్ యుద్ధంలో పక్క బెటాలియన్‌ను నడిపిన ఆ సేనే. నవంబర్ 3న విమానాల మైదానానికి కొద్ది మైళ్ల దూరంలోని బడ్గాం వైపు గస్తీకి ఆయన కొన్ని కంపెనీలను పంపారు. శత్రువులు చిన్న చిన్న గుంపులుగా చీలి మైదానం వైపు వస్తున్నారని అనుమానం.

మేజర్ శర్మ బడ్గాం ఊరి దగ్గర మిట్ట మీద మోహరించారు. ఉదయమంతా ప్రశాంతంగా గడిచింది. శత్రువు జాడ లేకపోవడంతో మిగతా కంపెనీలు వెనక్కి బయలుదేరాయి. సాయంత్రం దాకా ఉండి రావలసిందిగా శర్మ కంపెనీకి ఆదేశం.

మధ్యాహ్నం రెండు దాటాక ఊళ్లోని ఇళ్ల నుంచి తుపాకులు పేలాయి. శర్మ ఊరి వైపు కాల్పులు జరిపించడానికి వెనుకాడారు. ఆ ఇళ్లలో అమాయకులైన ఆడవాళ్లు, పిల్లలు ఉంటారని, తమ తూటాలు వారికి తగులుతాయని ఆయన భయం. ప్రాణాల మీదికి వచ్చిన వేళ కూడా ఊరివాళ్ల క్షేమం తలచిన ఆ గుణాన్ని పల్లెల్లో బతికే మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

అంతలో పడమటి దిక్కు నుంచి అసలు దాడి వచ్చింది. వందలాది మంది శత్రువులు మూడు వైపులా చుట్టుముట్టారు. శర్మ దగ్గర ఉన్నది ఒక్క కంపెనీ. ఒక్కొక్క జవానుకు ఏడుగురు చొప్పున ఎదుటివారు. పైగా వారి దగ్గర మోర్టార్లు, మరతుపాకులు ఉన్నాయి.

వెనక్కి తగ్గితే మైదానానికి దారి తెరిచినట్టే. ఆ సంగతి శర్మకు తెలుసు. తూటాల వానలో ఒక కందకం నుంచి మరో కందకానికి పరుగెత్తుతూ జవాన్లకు ధైర్యం చెప్పారు. సాయానికి వచ్చిన మన విమానాలకు శత్రువు ఎక్కడున్నాడో తెలియాలి కదా. అందుకోసం ఆయన ఆరుబయటికి వచ్చి, నేల మీద గుడ్డ పట్టీలు పరిచి దిక్కు చూపించారు. మరతుపాకులు కాల్చే జవాన్లు నేలకొరగడంతో మనుషులు తక్కువయ్యారు. అప్పుడాయన పిండికట్టు ఉన్న చేత్తోనే తూటాలు నింపి అందించే పనికి పూనుకున్నారు. విరిగిన చేత్తో తుపాకీ పట్టలేకపోవచ్చు గాని, పట్టేవాడికి అందించవచ్చునని చూపించారు.

ఆ మధ్యలోనే బ్రిగేడ్ కార్యాలయానికి వైర్‌లెస్‌లో ఆయన చివరి కబురు అందింది. శత్రువులు యాభై గజాల దూరంలోనే ఉన్నారని, తమకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నారని, అయినా ఒక్క అంగుళం వెనక్కి తగ్గమని, ఆఖరి మనిషి, ఆఖరి తూటా ఉన్నంతవరకు పోరాడతామని ఆ కబురు సారాంశం. కొద్ది క్షణాలకే ఆయన పక్కనున్న తూటాల మీద మోర్టార్ గుండు వచ్చి పడింది. ఆ పేలుడులో మేజర్ సోమనాథ్ శర్మ నేలకొరిగారు.

నాయకుడు పోయినా జవాన్లు పోరాటం ఆపలేదు. సుబేదార్ ప్రేమ్ సింగ్ మెహతాతో సహా సుమారు 20 మంది అక్కడే వీరమరణం పొందారు. ఇంకెందరో గాయపడ్డారు. కాని శత్రువుల దాడి ఆరు గంటల పాటు అక్కడే ఆగిపోయింది. ఆ వ్యవధిలో మైదానం కాపుదలకు మనుషులు సమకూరారు. నాలుగు రోజుల తరువాత, నవంబర్ 7న షాలాటెంగ్ దగ్గర భారత సైన్యం శత్రువులను చిత్తుగా ఓడించింది. మర్నాడే బారాముల్లా తిరిగి మన వశమైంది. బడ్గాంలో ఆ ఆరు గంటలు నిలబడకపోతే ఈ కథ వేరుగా ఉండేది.

జేబులో దొరికిన కాగితాలు

యుద్ధం జరిగిన మూడు రోజుల తరువాత గాని మృతదేహం దొరకలేదు. ముఖం చూసి గుర్తుపట్టే వీలు లేదు. ఆయన పిస్తోలు పెట్టుకునే తోలు ఒరను బట్టి, గుండె జేబులో ఉన్న భగవద్గీత కాగితాలను బట్టి ఇది సోమనాథ్ శర్మ దేహమని గుర్తించారు. ఆరేళ్ల కిందట తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలోని గీతే ఆయన ఆనవాలు అయింది. ఆ వార్త విన్న తల్లిదండ్రులకు ఆ పాత ఉత్తరం గుర్తుకు రాకుండా ఉంటుందా? కొడుకు ఇచ్చిన మాట చెల్లించాడని తృప్తి పడాలో, అంత తొందరగా ఎందుకు చెల్లించావని ఏడవాలో కన్నవాళ్లకే తెలియాలి.

పతకం వెనుక కథ

1950 జనవరి 26న దేశం గణతంత్రమైనప్పుడు పరమవీర చక్ర పతకాన్ని ఏర్పరిచారు. 1947 ఆగస్టు 15 నుంచి జరిగిన వీరకార్యాలకు ఇది వర్తిస్తుందని ప్రకటించారు. ఆ విధంగా మొదటి పరమవీర చక్ర మేజర్ సోమనాథ్ శర్మకు మరణానంతరం దక్కింది. 1950 జూన్ 21న ప్రకటన వెలువడింది. కొడుకు తరఫున తండ్రి ఆ పతకాన్ని అందుకున్నారు.

ఆ పతకం బంగారంతో చేసింది కాదు. కంచు బిళ్ల. ఒకటిన్నర అంగుళం కూడా ఉండదు. మధ్యలో మన జాతీయ చిహ్నం, చుట్టూ ఇంద్రుని వజ్రాయుధం రూపాలు నాలుగు. వెనుకవైపు పేరు, రెండు తామర పూలు. ఊదా రంగు రిబ్బనుకు వేలాడుతుంది. వృత్రాసురుని సంహరించడానికి దధీచి మహర్షి తన ఎముకలు ఇచ్చాడని, వాటితోనే వజ్రాయుధం చేశారని మన పురాణ కాలక్షేపాల్లో వింటూనే ఉంటాం. లోకం కోసం ఒళ్లు అర్పించినవాని గుర్తుగా ఆ వజ్రాన్ని పతకం మీదికి తెచ్చారు.

ఈ ఆలోచన చేసింది ఎవరో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆమె పేరు సావిత్రీ ఖానోల్కర్. 1913లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన విదేశీ వనిత. విక్రమ్ ఖానోల్కర్ అనే మరాఠీ సైనికాధికారిని ప్రేమించి 1932లో పెళ్లి చేసుకుని, ఈ దేశానికి కోడలై వచ్చారు. సంస్కృతం నేర్చుకుని, వేదాలు, పురాణాలు చదివారు. మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ కోరిక మేరకు పతకానికి రూపం దిద్దారు. ఆమె కూతురిని చేసుకున్నది సోమనాథ్ తమ్ముడు సురేంద్రనాథ్ శర్మ. అంటే తాను రూపం ఇచ్చిన మొదటి పతకం తన వియ్యాలవారి ఇంటికే చేరింది. దైవఘటన అంటే ఇదే కాబోలు.

1947 నుంచి 1999 నాటి కార్గిల్ యుద్ధం దాకా జరిగిన వీరకార్యాలకు 21 మందికి ఈ పతకం ఇచ్చారు. వారిలో 14 మందికి మరణానంతరమే దక్కింది. 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లోని 21 దీవులకు ఆ వీరుల పేర్లు పెట్టినప్పుడు, వాటిలో అన్నిటికన్నా పెద్ద దీవికి సోమనాథ్ పేరు ఇచ్చారు. ప్రతి ఏటా నవంబర్ 3న సైన్యం బడ్గాం దినం జరిపి ఆయనకు నివాళి అర్పిస్తుంది.

మన ఊళ్లలోని పెట్టెలు

సోమనాథ్ శర్మ పెద్ద ఇంటి బిడ్డ, అధికారి. కనుక ఆయన ఉత్తరం లోకానికి తెలిసింది. ఆయనతో పాటు బడ్గాంలో ఒరిగిన జవాన్ల ఉత్తరాలు ఏమయ్యాయి? కొండ పల్లెల్లోని ఇళ్లలో, రాయి పక్కన పెట్టెల్లో, చెదలకు ఎన్ని పోయాయో.

మన పశ్చిమ గోదావరి జిల్లాకు ఈ సంగతి కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్లారు. అక్కడ అమరుల స్మారకం ఉంది. ఆ ఊరనే కాదు, జిల్లాలో ఎన్నో ఊళ్ల నుంచి యువకులు పటాలాలకు వెళ్లారు. తిరిగి రాని వారూ ఉన్నారు. వారి పతకాలు అటక మీది ట్రంకు పెట్టెల్లో, దేవుని గూట్లో, కొన్నిచోట్ల పిల్లల ఆటబొమ్మల మధ్య ఉంటాయి. కంచు పతకాన్ని తూకానికి వేస్తే చారెడు డబ్బులు కూడా రావు. ఉత్తరాలను చిత్తు కాగితాల వాడు కూడా తీసుకోడు. కాని ఒకసారి పోతే వాటిని మళ్లీ ఎవరూ తయారు చేయలేరు.

అలాంటి పెట్టె ఉన్న ఇంటివారు ఒక పని చేయవచ్చు. ఉత్తరాలను తేమ తగలని చోట, శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టాలి. ఎవరు, ఎప్పుడు, ఏ పటాలంలో ఉండి రాశారో వేరే కాగితం మీద రాసి జతచేయాలి. చదువుకున్న పిల్లల చేత ఒక ప్రతి రాయించి దాచాలి. పతకం అంచు మీద సైనికుని నంబరు, పేరు చెక్కి ఉంటే అది కూడా రాసుకోవాలి. ముసలివారు బతికుండగానే వారికి గుర్తున్న సంగతులు అడిగి తెలుసుకోవాలి.

సోమనాథ్ శర్మ దేహాన్ని గుర్తుపట్టింది జేబులోని కాగితాలను బట్టి. మన ఊరి జవాన్లను రేపటి తరం గుర్తుపట్టేది కూడా మనం దాచి ఉంచిన కాగితాలను బట్టే.